జబ్బు, బలహీనత, విశ్వాసం: నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

నా కిడ్నీలు పనిచేయడం మానేసి 6 ఏళ్లు దాటింది. సోమ, బుధ, శుక్రవారాల్లో డయాలిసిస్, ఒక్కోసారికి 4 గంటలు. అంతకుముందు గుంటూరు జిల్లాలో 28 ఏళ్లు బడిలో తెలుగు చెప్పాను. ఆదివారాలు మా లూథరన్ సంఘంలో పిల్లలకి బైబిలు కథలు చెప్పేదాన్ని. ఇప్పుడు ఆ రెండూ లేవు. డయాలిసిస్ వార్డులో నా పక్క మంచాల వాళ్లు అడిగినవి, ఆదివారం చర్చి గేటు దగ్గర నిలబెట్టి అడిగినవి, రాత్రి పదింటికి ఫోన్ చేసి ఏడుస్తూ అడిగినవి ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. నేను పాస్టర్ని కాదు, డాక్టర్ని కాదు. జబ్బు మనిషిని, యేసుని నమ్ముకున్నదాన్ని. చదివింది, పడింది కలిపి నాకు తెలిసినంతవరకే చెప్తాను.

నేనేం పాపం చేశానని దేవుడు నాకీ జబ్బు ఇచ్చాడు?

అందరూ ముందు అడిగేది ఇదే. కొందరు నోటితో అడుగుతారు, కొందరు గోడవైపు తిరిగి పడుకుని అడుగుతారు. బంధువులు "కర్మ" అంటారు. మన సంఘాల్లో ఆ మాట అనరు గానీ, "ఇంట్లో ఏదో శాపం ఉందమ్మా, ఒప్పుకో" అంటారు. వినేవాళ్లకి రెండూ ఒకేలా తగులుతాయి: తప్పు నీదే.

యోహాను సువార్త 9వ అధ్యాయంలో శిష్యులు అడిగింది ఇదే ప్రశ్న. "వీడు గ్రుడ్డివాడై పుట్టుటకు ఎవడు పాపముచేసెను? వీడా, వీని కన్నవారా?" ఆ మనిషి ఎదురుగానే ఉన్నాడు. చూపు లేదు గానీ చెవులు ఉన్నాయి. అతని ముందే అతని మీద విచారణ జరిగిపోతోంది. యేసు ఇద్దరిలో ఎవరూ కాదన్నాడు. దేవుని క్రియలు అతనియందు ప్రత్యక్షపరచబడడానికి అన్నాడు. ఈ రెండో మాట నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టింది. చూపించుకోవడానికి ఒక బిడ్డని గుడ్డివాడిగా పుట్టించాడా అని. తర్వాత ఆ అధ్యాయాన్ని మెల్లగా చదివాను. ఆ మాట అన్న వెంటనే ఆయన నేలమీద ఉమ్మి, బురద చేసి, ఆ కళ్లకి పూశాడు. శిష్యులు వెనక్కి తిరిగి కారణం వెతుకుతుంటే ఆయన చేతులు ముందున్న పనిలోకి దిగాయి. జబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందన్న లెక్క తేల్చకుండానే ఆయన ఆ మనిషి దగ్గరకి వచ్చాడు. నాకు ఆసరా అయింది అక్కడే.

సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు కూడా (లూకా 13) వాళ్లు మిగతావాళ్లకంటే పాపులు కారని ఆయన తేల్చి చెప్పాడు. పిల్లల్ని పోగొట్టుకుని ఒళ్లంతా కురుపులతో ఉన్న యోబుతో అతని స్నేహితులు "నువ్వేదో చేసే ఉంటావు" అని అధ్యాయాలకి అధ్యాయాలు వాదించారు. చివరికి దేవుని కోపం వాళ్లమీద రగిలింది గానీ యోబు మీద కాదు.

ఒక మాట మాత్రం దాచకూడదు. కొన్ని జబ్బులకి మన చేతలు కారణం అవుతాయి. నేను బీపీ మాత్రలు ఏళ్ల తరబడి సరిగ్గా వేసుకోలేదు. తలనొప్పి వస్తే దుకాణంలో అడిగి నొప్పి మాత్ర మింగి బడికి పోయాను. నా కిడ్నీలు పాడవడంలో వాటి పాత్ర ఉందని డాక్టరు గారు చెప్పారు. అది నా అశ్రద్ధకి ఒళ్లు చెల్లించిన మూల్యం. దేవుడు కూర్చుని వేసిన శిక్ష అని మాత్రం నేను నమ్మను. తాగుడు వల్ల కాలేయం పోయినవాణ్ణి కూడా ఆయన చూడవస్తాడు.

విశ్వాసం చాలకే స్వస్థత రాలేదంటున్నారు. నిజమేనా?

కాదు. దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ఈ మాట నన్ను దాదాపు చంపేసింది.

డయాలిసిస్ మొదలైన మొదటి ఏడాది ఒక స్వస్థత కూటానికి తీసుకెళ్లారు. వేల మంది, పెద్ద మైకులు. ప్రసంగీకుడు నా తల మీద చెయ్యి పెట్టి, "బాగైపోయావు తల్లీ, ఇక ఆ మిషన్ జోలికి పోవద్దు" అన్నాడు. నాకు నిజంగానే ఒళ్లు తేలికైనట్టు అనిపించింది. బుధవారం వెళ్లలేదు. శుక్రవారం వెళ్లలేదు. శనివారం రాత్రికి కాళ్లు వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. పడుకుంటే ఊపిరి అందడం లేదు. రాత్రంతా కుర్చీలో వంగి కూర్చున్నాను. తెల్లవారుజామున మావారు ఆటోలో ఆసుపత్రికి చేర్చారు. ఇంకో పూట ఆగితే గుండె ఆగేదన్నారు. పొటాషియం అంత పెరిగింది. వారం తర్వాత చూడవచ్చిన ఒకావిడ, "మధ్యలో సందేహపడి ఉంటావు, అందుకే" అంది. ఆవిడది చెడ్డ మనసు కాదు. ఎవరో నేర్పిన మాటే అంది. కానీ ఊపిరి ఆడని రాత్రి కంటే ఆ మాటే ఎక్కువ బరువైంది.

ఆ తర్వాత కొత్త నిబంధనని జబ్బు మనుషుల కోసం వెతుకుతూ చదివాను. అపొస్తలుడైన పౌలు ఒంటికి తగిలిన చేతిగుడ్డలు తీసుకెళ్తే రోగాలు పోయాయని అపొస్తలుల కార్యములు 19లో ఉంది. అదే పౌలు తిమోతికి రాసిన రెండో పత్రిక చివర, "త్రోఫిము రోగియైనందున అతని మిలేతులో విడిచివచ్చితిని" అంటాడు. అంతే. ఎందుకు బాగవలేదో చెప్పలేదు. త్రోఫిము విశ్వాసం చాలలేదనలేదు. తిమోతికి కడుపు జబ్బు, తరచుగా బలహీనతలు. ఇంకా ప్రార్థించమని కాదు, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు. ఎపఫ్రొదితు చావుదాకా వెళ్లి వచ్చాడు. గలతీయులకి మొదటిసారి సువార్త చెప్పింది శరీర దౌర్బల్యం కలిగినందువల్లే అని పౌలు తన గురించే రాశాడు. ఇంతమంది జబ్బు మనుషులు ఉన్న సంఘం అది.

కొడుకుని తీసుకొచ్చిన తండ్రి ఒకడు మార్కు 9లో, "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని కేక వేశాడు. నమ్మకం, అపనమ్మకం ఒకే ఊపిరిలో. యేసు ఆ బిడ్డని బాగుచేశాడు, తండ్రికి మార్కులు వేయలేదు.

మన సంఘాల పెద్దలకి ఒక మనవి. సాక్ష్యాల సమయంలో బాగైనవాళ్లనే పిలుస్తాం. బాగవకుండా, అయినా దేవుణ్ణి విడవకుండా 10 ఏళ్లుగా మంచం మీద ఉన్నవాళ్లకి కూడా మైకు ఇవ్వండి. నడవలేకపోతే మైకు వాళ్ల దగ్గరకి తీసుకెళ్లండి.

అయితే మీరు స్వస్థత కోసం అడగడం మానేశారా?

మానలేదు. రోజూ అడుగుతాను. పౌలు మూడుసార్లు అడిగాడు, సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు కూడా ఆ బాధల గిన్నె తొలగిపొమ్మనే అడిగాడు.

అడగడంలో ఒక కష్టం ఉంది, చెప్తాను. ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో కిడ్నీ కోసం నా పేరు నమోదై ఉంది. ఆ ఫోన్ వచ్చిన రోజు ఎవరింట్లోనో ఒక మనిషి బ్రెయిన్‌డెడ్ అయి ఉంటాడు. త్వరగా రావాలి ప్రభువా అని ఎలా అడగను? చాలా రాత్రులు నోరు రాలేదు. ఇప్పుడు నాకు ముఖం తెలియని ఆ ఇంటివాళ్ల కోసం ముందే ప్రార్థిస్తున్నాను. ఆ రోజు వాళ్ల పక్కన ఎవరైనా ఉండాలని.

మందులు, ఆపరేషన్లు నమ్ముకుంటే దేవుణ్ణి నమ్మనట్టా?

ఇది అడిగేవాళ్లు సాధారణంగా ఆసా రాజు సంగతి ఎత్తుతారు. పాదాల జబ్బులో అతను యెహోవాను వెదకక వైద్యులను పట్టుకున్నాడని రెండో దినవృత్తాంతాల్లో ఉంది. అక్కడ తప్పు దేవుణ్ణి వదిలేయడం. వైద్యుణ్ణి పిలవడం కాదు. జబ్బుపడ్డ హిజ్కియా రాజుకి ఇంకో 15 ఏళ్ల ఆయుష్షు ఇస్తానని దేవుడే చెప్పాక కూడా యెషయా ప్రవక్త పుండు మీద అంజూరపుపండ్ల ముద్ద వేయించాడు. లూకాని పౌలు "ప్రియుడైన వైద్యుడు" అన్నాడు.

గుంటూరు వాళ్లకి ఈ పాఠం ఎవరూ చెప్పక్కర్లేదు. అన్నా కుగ్లర్ అనే డాక్టరమ్మ 1883లో ఇక్కడికి వచ్చింది. మగ డాక్టరుకి చెయ్యి చూపించని ఆడవాళ్ల కోసం పనిచేసి, 1898లో ఆసుపత్రి తెరిచింది. మా నాయనమ్మ తరానికి "మిషన్ ఆసుపత్రి" అంటే ప్రార్థన, మందు రెండూ దొరికే చోటు. చిత్తూరు, రాయలసీమ వైపు నుంచి ఈరోజుకీ రైళ్లెక్కి జనం వెల్లూరు మిషన్ ఆసుపత్రికి వెళ్తున్నారు. దాన్ని ఐడా స్కడర్ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టింది. వీళ్లెవరూ ప్రార్థనకీ మందుకీ మధ్య గోడ కట్టలేదు.

కాబట్టి ఎవరు చెప్పినా, ఎంత పెద్ద దైవజనుడు చెప్పినా, డాక్టరుని అడక్కుండా మందు మానొద్దు. డయాలిసిస్ అసలే మానొద్దు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు ఉపవాస ప్రార్థనకి ముందు డాక్టరుతో మాట్లాడండి. దేవుడు నిజంగా బాగుచేస్తే రక్తపరీక్షలో తెలుస్తుంది. తాను బాగుచేసిన కుష్ఠరోగికి కూడా యేసు "వెళ్లి యాజకునికి కనుపరచుకో" అన్నాడు గదా.

పౌలుకి ఉన్న ముల్లు ఏమిటి? "నా కృప నీకు చాలును" అంటే ఏమిటి?

తన శరీరంలో ఒక ముల్లు ఉందని, అది తీసేయమని మూడుసార్లు వేడుకుంటే ప్రభువు "నా కృప నీకు చాలును" అన్నాడని పౌలు కొరింథీయులకి రాసిన రెండో పత్రికలో ఉంది. ఆ ముల్లు ఏమిటో ఎవరికీ తెలియదు. కంటి జబ్బు అంటారు, మలేరియా అంటారు, శత్రువులు అంటారు. తెలియకపోవడమే మేలు. తెలిస్తే ఆ జబ్బు ఉన్నవాళ్లే ఆ వాక్యాన్ని తమదనుకునేవాళ్లు.

రెండో ప్రశ్నకి తెలుగు టీచరుగా జవాబు చెప్తాను. మనకి "చాలు" అన్న మాట రెండు రకాలుగా వినబడుతుంది. పిల్లవాడు మారాం చేస్తుంటే "చాల్లే, ఊరుకో" అంటాం. పంక్తిలో కూర్చున్నప్పుడు విస్తట్లో అన్నం పెడుతుంటే చెయ్యి అడ్డం పెట్టి "చాలు, చాలు" అంటాం. మొదటి రెండేళ్లు నాకు ఆ వాక్యం మొదటి రకంగానే వినబడింది. అడిగింది చాలు, ఇక నోరు మూసుకో అన్నట్టు. దేవుని మీద అలిగాను కూడా.

ఒక రోజు డయాలిసిస్ అయ్యాక ఒళ్లంతా పిండేసినట్టుంది. ఇంటికి వస్తే మా పక్కింటావిడ గోరువెచ్చని ఇడ్లీలు రెండు పెట్టింది, ఉప్పు లేకుండా నా కోసం విడిగా చేసి. మూడోది వేయబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి "చాలమ్మా" అన్నాను. ఆ క్షణంలో ఆ వాక్యం గుర్తొచ్చింది. ఒడ్డించేవాడు ఎదురుగా గరిట పట్టుకుని ఉన్నాడు. విస్తట్లో ఉన్నది ఈ పూటకి సరిపోతుంది. రేపటి పూటకి ఆయనే మళ్లీ వస్తాడు. "బలహీనతయందు నా శక్తి పరిపూర్ణమగుచున్నది" అన్న తర్వాతి మాట అప్పటికి గానీ నాకు అందలేదు. నిండుగా తిన్నవాడి విస్తట్లో ఎవరూ ఒడ్డించరు.

దేవుని మీద కోపం వస్తోంది. అది పాపమా?

88వ కీర్తన చదవండి. పైకి, గట్టిగా. అందులో చివరి మాట "చీకటియే నాకు బంధువర్గమాయెను". ఆ తర్వాత హల్లెలూయ లేదు. ఓదార్పు లేదు. దాన్ని అలాగే బైబిల్లో ఉంచారు, ఎవరూ సరిదిద్దలేదు. కోపంతో మాట్లాడుతున్నా ఆయనతోనే మాట్లాడుతున్నారు కదా. మాట్లాడటం మానకండి.

ప్రార్థన చేయలేకపోతున్నాను, బైబిలు పట్టుకునే ఓపిక కూడా లేదు.

చేయొద్దు. నిజంగానే చెప్తున్నాను. ఉచ్చరింప శక్యముకాని మూలుగులతో ఆత్మ మన పక్షంగా విజ్ఞాపన చేస్తున్నాడని రోమా 8లో ఉంది. ఆ వాక్యం బాగున్నప్పుడు కవిత్వంలా ఉంటుంది. కాళ్లు కొంకర్లు పోతూ నర్సుని పిలవడానికి కూడా మాట రానప్పుడు అచ్చంగా ఉన్నదున్నట్టే ఉంటుంది.

పక్షవాతం వచ్చినవాణ్ణి నలుగురు మోసుకొచ్చి, కప్పు విప్పి దించారు. మార్కు 2లో యేసు చూసింది "వారి విశ్వాసము". మంచం మీదున్నవాడు ఒక్క మాట మాట్లాడినట్టు లేదు. మీకు ఓపిక లేని రోజు మీ మంచం నాలుగు కోళ్లు ఎవరెవరు పట్టుకోగలరో ఆ పేర్లు తలుచుకోండి, వాళ్లకి ఒక మిస్డ్ కాల్ ఇవ్వండి. నా పక్క మంచం అక్క కతోలిక్. నాకు మాట రాని రోజుల్లో తన జపమాలలో ఒక పూస నాకోసం తిప్పుతుంది. మా సంఘంలో జపమాల లేదు. అయినా ఆ పూస నాకు కావాలి.

నొప్పి కూడా దేవుని వరమే అంటారు. నొప్పి మాత్రలు వేసుకోకుండా ఓర్చుకోవాలా?

డాక్టరుని అడిగి వేసుకోండి, నాలాగా దుకాణంలో కొనుక్కుని కాదు.

నొప్పిని వరం అనడానికి ఒక కారణం ఉంది. పాల్ బ్రాండ్ అనే సర్జన్ 1946లో వెల్లూరు వచ్చి కుష్ఠురోగుల చేతులు బాగుచేశాడు. వేళ్లు వాటంతటవే కుళ్లి ఊడిపోతాయని అప్పటిదాకా అనుకునేవారు. ఆయన గమనించింది వేరు: నరాలు మొద్దుబారి నొప్పి తెలియకపోవడం వల్లే, కాలినా కోసుకున్నా తెలియక, ఆ గాయాలతోనే వేళ్లు పోతున్నాయి. నొప్పి లేని చెయ్యి తనని తాను కాపాడుకోలేదు. అది నిజం. మా వార్డులో షుగరు వల్ల పాదం స్పర్శ పోయి, చెప్పులో రాయి ఉన్నా తెలియక కాలు పోగొట్టుకున్నాయన ఉన్నాడు.

కానీ హెచ్చరిక పని అయిపోయాక కూడా మోగుతూనే ఉండే నొప్పి ఉంటుంది. కేన్సర్ నొప్పి అలాంటిది. దాన్ని వరం అని రోగి ముందు అనకండి. నొప్పి తెలియకుండా ఇచ్చిన బోళము కలిపిన ద్రాక్షారసం యేసు సిలువ దగ్గర పుచ్చుకోలేదు కదా అని నాతో వాదించినవాళ్లున్నారు. ఆయన వచ్చిన పని ఆయనది, మీరు లోకాన్ని రక్షించనక్కర్లేదు. మార్ఫిన్ రాసిచ్చే డాక్టరు మీకు దొరికితే దేవునికి స్తోత్రం చెప్పి వాడండి.

అందరికీ భారమైపోయాను. ఇంకెందుకు బతకడం?

ముందుగా ఒకటి. చనిపోవాలన్న తలంపు పదేపదే వస్తుంటే ఈరోజే ఇంట్లో ఒకరికి, డాక్టరుకి చెప్పండి. అది అవిశ్వాసం కాదు. జబ్బుతో పాటు వచ్చే మరో జబ్బు, దానికీ మందు ఉంది.

ఇక భారం సంగతి. నా ఎడమ చెయ్యి ఫిస్టులా చెయ్యి, అంటే డయాలిసిస్ సూదులు గుచ్చడానికి లోపల రక్తనాళాలు కలిపి కుట్టిన చెయ్యి. అక్కడ వేలు పెడితే లోపల పిల్లి గురకలాగా గరగరమంటుంది. ఆ చేత్తో బరువెత్తకూడదు, డయాలిసిస్ రోజు సూదులు తీశాక కాసేపు కదపకూడదు కూడా. అందుకని ఆ సాయంత్రాలు మావారు నాకు జడ వేస్తారు. 30 ఏళ్లు ఆర్టీసీ బస్సు స్టీరింగ్ పట్టుకున్న చేతులు. మూడు పాయల్లో ఒకటి ఎప్పుడూ జారిపోతుంది. మళ్లీ మొదలుపెడతారు. మొదట్లో సిగ్గుతో ఏడ్చాను, జుట్టు కత్తిరించేసుకుంటానన్నాను. అప్పుడు పేతురు గుర్తొచ్చాడు. యేసు తన కాళ్లు కడగబోతే "నీవెన్నడును నా పాదములు కడుగరాదు" అన్నాడు కదా. ఒకరి పాదాలు కడగడం పేతురుకి వచ్చు. తన పాదాలు ఇవ్వడమే రాలేదు. నాకూ అంతే. సండేస్కూలు, స్త్రీల సమాజం, పెళ్లి వంటలు, అన్నీ చేశాను, ఇవ్వడం బాగా వచ్చు. తీసుకోవడం 52 ఏళ్లకి నేర్చుకోవాల్సి వచ్చింది.

యేసు కూడా తీసుకున్నాడు. సమరయ స్త్రీని "నాకు దాహమునకిమ్ము" అని అడిగాడు. సిలువ మోయలేకపోతే కురేనీయుడైన సీమోను మోశాడు. దేవుని కుమారుడు ఇంకొకరి భుజం మీద బరువయ్యాడు. ఆయనకి పరవాలేనిది నాకెందుకు తక్కువతనం?

జబ్బు మనిషిని చూడ్డానికి వెళ్తే ఏం మాట్లాడాలి?

తక్కువ. యోబు స్నేహితులు మొదటి 7 రోజులు నేలమీద కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే, నోరు తెరిచాకే పాడైంది.

"మా పిన్నిగారికి కూడా ఇదే వచ్చి పోయింది" అనొద్దు. "దేవుడు మోయగలిగినవాళ్లకే ఇస్తాడు" అనొద్దు, నేను మోయలేకపోతున్నాను కాబట్టే మీరు వచ్చారు. కొబ్బరిబోండం, అరటిపళ్లు అడక్కుండా తేవద్దు, కిడ్నీ రోగులకి అవి ప్రమాదం. వాటికి బదులు ఆటో డబ్బులు ఇవ్వండి. ఒక పూట మీరు కూర్చుని ఇంట్లోవాళ్లని నిద్రపోనివ్వండి. ప్రార్థన రెండు నిమిషాలు చాలు, రోగిని పేరుతో పిలిచి చేయండి. "రోగినైయుంటిని, నన్ను చూడవచ్చితిరి" అన్నాడు ఆయన. ప్రసంగించితిరి అనలేదు.

నూనె రాసి ప్రార్థించడం గురించి?

యాకోబు పత్రిక 5వ అధ్యాయం ప్రకారం రోగి సంఘపు పెద్దల్ని పిలిపించుకోవాలి, వాళ్లు ప్రభువు పేరున నూనె రాచి ప్రార్థించాలి. ఇంటికి పిలిచి చేయించుకోండి, వేదిక ఎక్కక్కర్లేదు. సీసా నూనెకి డబ్బు అడిగేవాళ్లని దగ్గరకి రానివ్వకండి.

కతోలికుల్లో ఇది ఒక సంస్కారం. చావు దగ్గరపడ్డాకే గురువు వచ్చి నూనె రాస్తారని పాతకాలంలో భయపడేవాళ్లు. రెండో వాటికన్ మహాసభ తర్వాత ఆ పద్ధతి మారింది, తీవ్రమైన జబ్బు ఉన్నవాళ్లెవరైనా తీసుకోవచ్చు. పక్క మంచం అక్క ఆపరేషన్‌కి ముందు తీసుకుంది. ఫిబ్రవరి 11న ఆవిడ గుణదల మాత తిరునాళ్లకి వెళ్తుంది. అదే రోజుని రెండో జాన్ పాల్ పోపుగారు 1992లో ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా ప్రకటించారు. 1858లో ఆ తేదీన లూర్దులో మరియమాత బెర్నదెత్ అనే పిల్లకి కనబడిందని కతోలికుల నమ్మకం. అక్కే నాకొకటి చెప్పింది: లోకమంతా స్వస్థత కోసం లూర్దు వెళ్తుంటే, బెర్నదెత్ మాత్రం ఉబ్బసంతో, ఎముకల క్షయతో తీసుకుని 35 ఏళ్లకే చనిపోయింది. ఆ సంగతి విన్నాక మేమిద్దరం చాలాసేపు మిషన్ల చప్పుడు వింటూ పడుకున్నాం.

రోగిని చూసుకునేవాళ్లం అలసిపోయాం. విసుక్కుంటున్నాం. మా సంగతి?

ఏలీయా ప్రవక్త చచ్చిపోతానని బదరీవృక్షం కింద పడుకుంటే దేవుడు ముందు వాక్యం పంపలేదు. దూత తట్టి లేపి, "నీవు లేచి భోజనము చేయుము" అన్నాడు. నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లు. తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి కూడా తినమన్నాడు. గట్టిగా నిద్రపోండి, వేళకి తినండి, వారంలో ఒక పూట ఇంకెవరికైనా అప్పజెప్పండి. విసుక్కున్నందుకు సారీ చెప్తే మాకు చాలు. మేమూ విసుక్కుంటాం.

చావంటే భయంగా ఉంది. విశ్వాసికి భయం ఉండొచ్చా?

చనిపోయిన తన స్నేహితుడు లాజరుని లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ఆ సమాధికి వెళ్తూ కన్నీళ్లు విడిచాడు. గెత్సేమనేలో ఆయన చెమట రక్తబిందువుల్లా పడింది. ఆయనకి లేని ధైర్యం మిమ్మల్ని ఎవరూ అడగరు. నాకూ భయమే. పునరుత్థానం నమ్ముతాను. మా పక్క వరుసలో ఒక మంచం ఖాళీ అయిన రోజు రాత్రి లైటు వేసుకునే పడుకుంటాను.

ఈ జబ్బులో మీకేమైనా అర్థం దొరికిందా?

దాహం గురించి చెప్తాను. నాకు రోజుకి అన్నీ కలిపి ముప్పావు లీటరు. టీ, మజ్జిగ, మాత్రకి తాగే గుక్క, సాంబారు, అన్నీ అందులోనే. ఎక్కువైతే నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది. గుంటూరు మే నెలలో ముప్పావు లీటరు అంటే ఎలా ఉంటుందో అక్కడి ఎండ ఎరిగినవాళ్లకి తెలుసు. నాలుక అంగిట్లో అట్టలా అతుక్కుంటుంది. ఒక్క ఐసుముక్క బుగ్గన పెట్టుకుని, అది కరిగిపోకుండా నాలుక కదపకుండా కూర్చుంటాను. పక్క గదిలో ఎవరైనా బిందెలోంచి గ్లాసు ముంచుకున్న చప్పుడు వినబడితే ఒళ్లంతా అటే తిరుగుతుంది. తాగిన ప్రతిదీ ఒక నోటుపుస్తకంలో రాస్తాను.

మా సంఘంలో శుభ శుక్రవారం ఏడుగురు, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద చెప్తారు. చిన్నప్పటినుంచి విన్నాను. అయిదో మాట "నేను దప్పిగొనుచున్నాను" వచ్చేసరికి ఎండ నెత్తికెక్కి, అందరికీ ఉపవాసపు నీరసం వచ్చేది. చెప్పేవాళ్లు కూడా అది ఆత్మల కోసం దాహం అని చెప్పి త్వరగా ముగించేసేవాళ్లు. నేనూ ఒక ఏడు అలాగే చెప్పాను. డయాలిసిస్ మొదలైన తర్వాత వచ్చిన శుభ శుక్రవారం, ఐసుముక్క బుగ్గన పెట్టుకుని వెనక బెంచీలో కూర్చుని ఆ మాట విన్నాను. ఆయనకి నీళ్లు కావాలి. సముద్రాలు చేసినవాడు ఎండిన నోటితో, అక్కడున్న వాళ్లందరికీ వినబడేలా, నీళ్లు కావాలన్నాడు. నా గొంతు ఇప్పుడెలా ఉందో ఆయన గొంతు అలా ఉండింది. దీనివల్ల నా దాహం తగ్గలేదు. కిడ్నీలు ఎందుకు పోయాయో కొత్తగా తెలియలేదు. కానీ ఆ రోజు నుంచి రాత్రుళ్లు నోరు ఎండి మెలకువ వస్తే, ఒంటరిగా ఉన్నాననిపించదు.

నెలలో మొదటి ఆదివారం మాకు ప్రభురాత్రి భోజనం. బల్ల దగ్గరకి నడవలేని రోజు అయ్యగారే నా బెంచీ దగ్గరకి తెస్తారు, చిటికెన వేలంత గిన్నెలో ద్రాక్షరసం, రెండు చెంచాలు ఉంటుందేమో. డాక్టరు గారిని అడిగాను, పరవాలేదన్నారు. ఆ గిన్నె ఒక్కటే నేను పుస్తకంలో రాయను.